మా బాపు జడలేస్తడు

చక్కెర పలుకు నా వేళ్ళకు తగలని రోజునే నా జబ్బు మొదలైంది. ఆ రోజు మాత్రం తప్పంతా చెరుకు మీదికి తోసేశాను.

ఎనభైల చివరి మాట. అప్పుడు నేను బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో పాన్ మేన్‌ని. చెరుకు రసం చిక్కబడి పలుకు కట్టే పెద్ద పాత్రను పాన్ అంటారు. పాత్ర అన్నానని వంటింటి గిన్నె అనుకోకండి, ఇల్లంత ఉంటుంది. లోపల ఉడుకుతున్నది కొంచెం కడ్డీతో బయటికి తీసి, గాజు ముక్క మీద రాసి, వెలుతురుకు పట్టి చూస్తాం. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తాం. పలుకు ఎంత ఎదిగింది, పాన్‌లోది ఎప్పుడు కిందికి వదలాలి అన్నది నాకు కళ్ళకంటే ముందు వేళ్ళే చెప్పేవి. ఆ సంగతి చెప్పుకోవడానికి నేనేమీ మొహమాటపడేవాణ్ణి కాదు. ఎదురైన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి.

ఆ రోజు నలిపితే ఏమీ తగల్లేదు. పాకం మెత్తగా జారిపోయింది. మళ్ళీ తీశాను, మళ్ళీ అంతే. ఇంకేముంది, కోసి ఎండలో పడేసిన చెరుకు పంపితే పలుకు ఎట్లా కడుతుందని, చెరుకు బండ్లు దించుకునే యార్డు వాళ్ళ మీద లేచాను. నా దగ్గర పని నేర్చుకుంటున్న సాయిలు తన వేళ్ళతో నలిపి చూసి, పలుకు మంచిగనే ఉంది గదన్నా అన్నాడు. మొన్న మీసాలొచ్చినోడివి నాకు చెప్తావా అన్నాను. పాపం, వాడన్నదే నిజం.

డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి ఒక్క కాలికే చెప్పు ఉంది. రెండోది ఎక్కడ జారిపోయిందో కాలికి తెలియలేదు. నా భార్య గంగామణి చూసి, దగ్గరికొచ్చి నా నోటి వాసన చూసింది. నేను తాగనని ఆమెకు తెలుసు. అయినా చూసింది.

ఇక్కడ మా ఊరి అలవాటు ఒకటి చెప్పాలి. ఫ్యాక్టరీ మనుషులకు బోధన్‌లో పని పేరే పేరు. క్రేన్ నర్సయ్య, బాయిలర్ ఖాదర్, మిల్లు గంగారాం. కొందరికైతే వెనక పేరు కూడా ఉండదు, నాలాగా. నన్ను పాన్ సాబ్ అనేవారు. మా ఇల్లు పాన్ సాబ్ ఇల్లు, గంగామణి పాన్ సాబ్ ఇంటామె, ఆఖరికి మా మేక కూడా పాన్ సాబ్ మేకే. నా అసలు పేరు లింబాద్రి అని మా గల్లీలో సగం మందికి తెలియదు. నాకూ ఆ పేరుతో పెద్దగా అవసరం పడలేదు.

మర్నాటికి అరికాళ్ళలో చీమలు పాకినట్టు మొదలైంది. చలికి వాతం కమ్మిందనుకున్నాం. గంగామణి నువ్వుల నూనె కాచి మర్దన చేసింది. గల్లీ డాక్టరు బీ కాంప్లెక్స్ సూది వేశాడు. ఆ చీమలు పిక్కలకు ఎక్కాయి, తర్వాత మోకాళ్ళకు, అటు చేతుల్లోకి. ఒక పొద్దున నల్లా దగ్గర కూర్చున్నవాణ్ణి లేవలేకపోయాను. తొడలు నా మాట వినలేదు. గంగామణి, పక్కింటి రాజవ్వ చెరో రెక్క పట్టుకుని లేపారు.

ఫ్యాక్టరీ డిస్పెన్సరీ డాక్టరు చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టాడు. కాలు కదల్లేదు. రెండో కాలూ అంతే. ఈ మధ్య జ్వరం గాని, లూజ్ మోషన్స్ గాని అయ్యాయా అని అడిగాడు. పక్షం కింద ఒక పెండ్లి విందు తిని, విరేచనాలతో రెండు రోజులు పడుకున్న మాట నిజమే. దానికీ దీనికీ ఏం సంబంధమో నాకు అంతుపట్టలేదు. ఆయన గంగామణి వైపు తిరిగి, “రిఫ్లెక్సెస్ పోయినయమ్మా. ఇది వాతం కాదు. ఈ రోజే హైదరాబాద్ పోవాలె. రేపు అనొద్దు,” అన్నాడు.

ఫ్యాక్టరీ జీపు ఇచ్చారు. నిజామాబాద్ మీదుగా పోతుంటే, చెరుకు ఆడే సీజన్ నడుమ పాన్ వదిలి పోతున్నానన్న బాధే నాకు. సాయిలు పలుకు చెడగొడతాడేమోనని దారి పొడుగునా గొణిగాను. గంగామణి వినీ వినీ, “నీ పానం సంగతి సూడు ముందు,” అంది.

హైదరాబాద్‌లో పెద్ద సర్కారు దవాఖానలో చేర్చుకునేటప్పుడు డాక్టరమ్మ నా పేరు అడిగింది. నేను పాన్ మేన్ అన్నాను. ఆమె కళ్ళెత్తి చూసి, పని కాదు, పేరు అంది. నా నోటికి వెంటనే రాలేదు. గంగామణే చెప్పింది. అప్పుడు అది జబ్బు వల్ల వచ్చిన తడబాటు అనుకున్నాను.

నడుములోంచి నీళ్ళు తీశారు, ఎల్పీ అంటారు. కరెంటు పెట్టి నరాలు చూశారు, దాని పేరు నర్వ్ కండక్షన్ టెస్ట్. గిలియన్ బారే సిండ్రోమ్ అని తేల్చారు, వాళ్ళు పొట్టిగా జీబీఎస్ అంటారు. ఒంట్లో రోగంతో కొట్లాడాల్సిన బలగం దారి తప్పి మన నరాల మీదనే పడుతుందట. కడుపులో వచ్చిన ఇన్ఫెక్షన్ దానికి నిప్పు పెట్టి ఉంటుందన్నారు. కాళ్ళతో మొదలై పైకెక్కుతుంది. ఎక్కడ ఆగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఊపిరి కండరాల దాకా పోతే వెంటిలేటర్ పెట్టాలి.

పొద్దున, సాయంత్రం డాక్టరమ్మ వచ్చి, గట్టిగా గాలి పీల్చి ఒక్క ఊపిరిలో ఎంత దాకా లెక్కపెట్టగలనో లెక్కపెట్టమనేది. మొదట ముప్పై దాటేది. తర్వాత ఇరవైకి దిగింది. ఒక సాయంత్రం పది దాకా పోయేసరికి గొంతు ఆగిపోయింది. డాక్టరమ్మ సిస్టర్‌కు చెప్పి నా మంచం ఐసీయూలోకి మార్పించింది. మిషన్ పక్కనే పెట్టి ఉంచారు. చచ్చిపోతానని అప్పుడు నాకు నిజంగా భయమేసింది. చేతులు లేవవు, కాళ్ళు లేవవు, మొహం మీద ఈగ వాలితే తోలుకోలేను. గంగామణి పక్కన కూర్చుని, నేను లెక్కపెడుతుంటే తన పెదాలు కూడా కదిపేది. తాను లెక్కపెడితే నాకు బలమొస్తుందనుకుందేమో, పిచ్చిది.

పది కిందికి పోలేదు. రెండు మూడు రోజులు అక్కడక్కడే ఉండి, పన్నెండయింది, పదిహేనయింది. మిషన్ పెట్టకుండానే గండం గడిచింది. డాక్టరమ్మ మొహంలో మొదటిసారి నవ్వు చూశాను. ఊపిరి నిలబడింది, మిగతావి మెల్లగా వస్తాయి అంది. నేను ఒక్కటే అడిగాను. వచ్చే సీజన్‌కి నా వేళ్ళు వస్తాయా?

“నడుస్తారు. అన్నం మీ చేత్తో మీరే తింటారు. వేళ్ళ చివర స్పర్శకు మాత్రం నేను మాట ఇవ్వలేను,” అంది. నర్వ్ చాలా మెల్లగా పెరుగుతుందని, చివరి కొసలకు చేరేసరికి ఆలస్యం అవుతుందని, కొందరికి పూర్తిగా చేరదని చెప్పింది. అంతా విన్నాను. నాకు మాత్రం వస్తుందని మనసులో రాసేసుకున్నాను.

ఇంటికి వచ్చాక వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టాను. ఫిజియోథెరపీకి వారానికి రెండుసార్లు బస్సులో నిజామాబాద్. బస్సు మెట్టు ఎక్కడానికే సగం బలం అయిపోయేది. అక్కడ రూత్ మేడం అని ఒకామె కాళ్ళకు, చేతులకు వ్యాయామం చేయించేది. మాట మెత్తన, చెయ్యి గట్టిది. వేళ్ళు ఎప్పుడొస్తాయి, పాన్ దగ్గరికి ఎప్పుడు పోతాను అని నేను ప్రతిసారీ అడిగేవాణ్ణి. ఒకనాడు ఆమె నా వేళ్ళు ఒక్కొక్కటీ వంచుతూ, “పాన్ కాకుండా మీకింకేం ఇష్టమండీ?” అంది.

ఆలోచించాను. చాలాసేపు ఆలోచించాను. షిఫ్టు పోవడం, షిఫ్టు రావడం, పడుకోవడం. సీజన్ లేనప్పుడు పాన్ కడగడం, రిపేర్లు. ఇష్టమనేది అందులో ఎక్కడా దొరకలేదు. ఆమె రెట్టించలేదు. ఇంట్లో వేళ్ళతో చేసే సన్న పని ఏది దొరికితే అది చెయ్యండి, బాగా రావాలని లేదు అంది. ఆ ఆఖరి మాట నాకు నచ్చలేదు. బాగా రాని పని నేనెప్పుడూ చెయ్యలేదు.

మా ఇంట్లో సన్న పని అంటే రెండే. మొదటిది మా బిడ్డ సుజాత జడలు. నాలుగో తరగతి చదివేది, రెండు జడలేసి రిబ్బన్ కట్టాలి. గంగామణి దువ్వెన నా చేతికిచ్చి పొయ్యి దగ్గరికి పోయింది. మూడు పాయలు తీస్తే ఒకటి చేతిలో ఉన్నదో లేదో తెలిసేది కాదు, కళ్ళతో చూసుకుంటూ అల్లాలి. ఒక జడ చెవి పైనుంచి మొదలైతే ఇంకోటి మెడ దగ్గర. రిబ్బన్ ముడి వెయ్యడానికి పళ్ళు కూడా వాడాను. సుజాత అద్దంలో చూసుకుని, కిసుక్కున నవ్వి, అట్లనే బడికి పోయింది. దారిలో విప్పేసుకుంటుందనుకున్నాను. సాయంత్రం అదే వంకర జడలతో తిరిగొచ్చింది.

రెండోది బీడీలు. గంగామణి మా అరుగు మీద రాజవ్వతో, ఇంకో ఇద్దరితో కూర్చుని బీడీలు చుట్టేది. మగవాణ్ణి, అందులో పాన్ సాబ్‌ని, ఆడవాళ్ళ మధ్య చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడమా? నామోషీతో చచ్చిపోయాను. మొదటిరోజు గోడ వైపు తిరిగి కూర్చున్నాను. తునికాకు కత్తిరిస్తే వంకర, చుడితే వదులు, దారం కడితే ఆకు చినిగేది. రాజవ్వ నోరు మంచిది కాదు. నేను చుట్టిన దాన్ని రెండు వేళ్ళతో పైకి లేపి, “గిది బీడీ కాదు, సుట్ట. మీ తాతకు పనికొస్తది,” అంది. అందరూ నవ్వారు. గంగామణి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నేనూ నవ్వాను. జబ్బు చేశాక అదే మొదటిసారి నవ్వడం.

ఆ నవ్వు ఆగాక రాజవ్వ అడిగింది, “గిన్నేండ్ల సంది పక్కింట్లనే ఉంటున్నవ్. నీ పేరేంది బిడ్డా?”

చెప్పాను. లింబాద్రి, లింబాద్రి అని రెండుసార్లు అనుకుని, మంచి పేరే పెట్టిండ్రు నీ అవ్వయ్యలు అంది. ఆ రోజు నుంచి ఆ అరుగు మీద నేను లింబాద్రినే. బీడీలు ఎట్లాగూ నాతో అయ్యేవి కావని పేపరు చదివి వినిపించే పని కూడా నాకే పెట్టారు. చదివేది తక్కువ, ఆ వార్త మీద కొట్లాడేది ఎక్కువ. ఎవరింట్లో ఏముందో, ఎవరి కొడుకు దుబాయ్ నుంచి ఉత్తరం రాశాడో, ఎవరికి ఏం రోగమో, ఇన్నేళ్ళూ నా గుమ్మం ముందే ఉన్న సంగతులు నాకు అప్పుడే తెలిశాయి.

ఒకరోజు బడిలో పంతులమ్మ పిల్లలందరినీ, మీ నాన్న ఏం చేస్తారని వరసగా అడిగిందట. మా సుజాత లేచి, మా బాపు జడలేస్తడు అందట. క్లాసంతా ఒకటే నవ్వు. గంగామణి ఈ సంగతి చెప్పి పడీపడీ నవ్వుతున్నది గానీ, నాకు తల కొట్టేసినట్టయింది. ఊరంతా పాన్ సాబ్ అంటే నా కన్నబిడ్డ జడలేస్తడంటదా? పిలిచి, పాన్ మేన్ అని ఎందుకు చెప్పలేదని గద్దించాను.

“నువ్వు పాన్ కాడ ఎట్లుంటవో నేనెన్నడు సూడలే గద, బాపు. జడలేసుడు సూసిన,” అంది.

కానీ నాకు కోపం తగ్గలేదు. సీజన్ మొదలు కానీ, నేనెవరో చూపిస్తాను అనుకున్నాను.

సీజన్ వచ్చింది. సైరన్ కూసింది. వాకర్ ఎప్పుడో వదిలేశాను, నడక కొంచెం ఈడ్పు అంతే. ఇస్త్రీ బట్టలు వేసుకుని పాన్ ఫ్లోర్ ఎక్కాను. సాయిలు పక్కకు జరిగి, కడ్డీ నా చేతికే ఇచ్చాడు. పాకం తీసి గాజు మీద రాశాను. నలిపాను. ఏమీ లేదు. బట్ట మీద బట్ట రాసినట్టుంది. ఇంకా గట్టిగా నలిపాను. చుట్టూ అందరూ చూస్తున్నారు. మళ్ళీ తీద్దామని తిరుగుతూ, ఆనుకోవడానికి ఎడమ చెయ్యి పక్కకు వేశాను. సాయిలు అరుస్తూ వచ్చి నా చెయ్యి లాగాడు. అది ఆవిరి పైపు. చర్మం కాలిన వాసన నాకు ముందు వచ్చింది, మంట తర్వాత ఎప్పుడో తెలిసింది.

చీఫ్ కెమిస్ట్ నన్ను తన గదిలో కూర్చోబెట్టి, చేతికి కట్టు కట్టించి, మెల్లగా చెప్పాడు. పాన్ వద్దు లింబాద్రి గారూ, యార్డులో చెరుకు బండ్ల దగ్గర కూర్చోండి, మీ నౌకరీకి ఏం కాదు అన్నాడు. మంచి మనిషి. ఆ మంచితనమే నాకు ఎక్కువ కాలింది. ఏ యార్డు వాళ్ళ మీద చెరుకు పాసిపోయిందని లేచానో, ఆ యార్డులోనే.

ఇంటికొచ్చి గోడకు తిరిగి పడుకున్నాను. ఫిజియోథెరపీకి పోలేదు, అరుగు మీదికి రాలేదు. సుజాత దువ్వెన పట్టుకొచ్చి నిలబడితే పొమ్మన్నాను. కొన్నాళ్ళు అట్లనే గడిచాయి. ఎవరైనా బయటి నుంచి పాన్ సాబ్ అని పిలిస్తే పలికేవాణ్ణి కాదు. పాన్ లేనివాడు పాన్ సాబ్ ఎట్లా అవుతాడు? ఆ సాబ్ పోతే ఇంక మిగిలింది ఎవడు? నాకు అక్కర్లేని ఒక లింబాద్రి.

గంగామణి ఓపిక పట్టి, పట్టి, ఒక మధ్యాహ్నం అన్నం కంచం నా ముందు ఠపీమని పెట్టింది.

“పెండ్లి పత్రికల పాన్ సాబ్ అని అచ్చేసిండ్రా? లింబాద్రి అనే ఏసిండ్రు. నేనొచ్చింది ఆయన ఇంటికే. దవాఖాన్ల నేను ఊపిరి లెక్కపెట్టింది ఆయనదే. గా పాన్ ఫ్యాక్టరోళ్ళది, ఆళ్ళకే ఉండనియ్యి. నువ్వు లేచి తిను,” అంది. అని ఏడ్చింది. ఇన్ని నెలల్లో, ఐసీయూలో కూడా, ఆమె ఏడవడం నేను చూడలేదు.

తిన్నాను. నేనూ ఏడ్చాను, దాచేదేముంది. మర్నాడు పొద్దున సుజాతను నేనే పిలిచి దువ్వెన అందుకున్నాను. అది నా మీద అలిగి ఉంది, అయినా వచ్చి ముందు కూర్చుంది.

యార్డులో చేరాను. మొదట్లో నామోషీ ఉండేది. తర్వాత తర్వాత, బండ్లు తోలుకొచ్చే రైతులతో మాటలు కలిసి అది కూడా బాగానే ఉంది. ముఖ్యంగా పగటి డ్యూటీ. సాయంత్రం ఇంట్లో ఉండే మనిషినయ్యాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా, వర్ని, చందూర్ దిక్కు రైతు ఎవరైనా కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంటే చాలు, ఎప్పటి నుంచి, రెండు కాళ్ళా, పైకెక్కుతున్నదా అని పోలీసులా అడుగుతాను. రెండు కాళ్ళూ కలిసి తిమ్మిరెక్కి, అది పైకి పాకుతుంటే, మర్దనల దగ్గర ఆగకండి, ఆ రోజే పెద్ద దవాఖానకు పోండి. ఇప్పుడు దీనికి అప్పట్లో మాకు దొరకని మందులున్నాయట. మా గల్లీలో ఎవరికి బాగాలేకపోయినా తోడు నన్నే పిలుస్తారు. ఇగో, ఇంకో డ్యూటీ పట్టిండు అని గంగామణి ఎత్తిపొడుస్తుంది. ఆమె అన్నది మనసులో పెట్టుకుని, అప్పుడప్పుడు ఊరికే కూడా కూర్చుంటున్నాను.

వేళ్ళు చాలామటుకు వచ్చాయి, కొసలు రాలేదు. వేడినీళ్ళు మోచేత్తో చూసుకుంటాను. అన్నంలో రాయి నోటికి తెలియాల్సిందే. మొట్టమొదట వేళ్ళకు తెలిసింది ఏమిటంటే, సుజాత జుట్టు. ఏడాదిన్నర దాటాక, ఒక పొద్దున పాయ తీస్తుంటే, నూనె పెట్టిన జుట్టు చల్లగా తగిలింది. కళ్ళు మూసుకుని మళ్ళీ పట్టుకుని చూశాను. తగిలింది. బడికి ఆలస్యమవుతున్నదని అది కేకలు పెడుతున్నా వదల్లేదు.

ఇది జరిగిన చాలా ఏళ్ళకు, ఫ్యాక్టరీలో చాలామందిని వీఆర్ఎస్ ఇచ్చి ఇంటికి పంపారు, నన్నూ, సాయిలునూ కూడా. వాడు అప్పటికి పెద్ద పాన్ మేన్, పాన్ సాబ్ పేరు వాడికి పోయింది. పని పోయిన వారానికే వాడు ఎండిపోయిన చెరుకు గడలా అయ్యాడు. ఏ జబ్బూ లేదు, ఏ పరీక్షలోనూ ఏమీ రాలేదు. నాకు మాత్రం ఆ జబ్బు తెలుసు. నాకు ముందే వచ్చి పోయింది.

వేసవి సెలవుల్లో ఒక పొద్దున వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. సుజాతను కమ్మర్‌పల్లికి ఇచ్చాం. దాని బిడ్డ సెలవులకు మా దగ్గరే ఉంది. నేను దానికి జడలేస్తున్నాను. సాయిలు కాసేపు చూసి, “ఎవలన్న ఏంజేస్తున్నవని అడిగితే నోరు పెగల్తలేదే, అన్నా. ఏం చెప్పాలె?” అన్నాడు.

“నన్నడిగితే నేను జడలేస్తనని చెప్త,” అన్నాను.

వాడు నేను ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు. నేను ఒక జడ పూర్తి చేసి రిబ్బన్ కట్టి, దువ్వెన, రెండో రిబ్బన్ వాడి చేతిలో పెట్టాను. ఇగ రెండోది నువ్వెయ్యి అన్నాను. పలుకు పట్టే వేళ్ళు వాడివి, నా వేళ్ళకంటే ఎంతో మంచివి. అయినా పాయలు తీయడం రాక చెమటలు పట్టాయి. పిల్ల అద్దంలో చూసుకుని, “తాతా, సాయిలు తాతది వంకరొచ్చింది,” అంది. వాడు చాలా రోజుల తర్వాత నవ్వాడు. మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చాడు.

నేను చెప్పగలిగిన సలహా ఇదొక్కటే. జబ్బు వచ్చేదాకా, నౌకరీ పోయేదాకా ఆగకండి. మీకు చేతకాని పని ఏదైనా ఒకటి, మిమ్మల్ని పేరుతో పిలిచేవాళ్ళ మధ్య కూర్చుని, రోజూ కాసేపు చెయ్యండి. వంకరగా వస్తే రానివ్వండి. మా ఇంట్లో వంకర జడతో బడికి పోయిన పిల్ల ఒకతి నన్ను బతికించింది.